బూజుకు రక్తపరీక్ష
(ప్రాంతీయ కార్యాలయంలో జరిగిన సిబ్బంది ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచి షుగరు గురించి, బీపీ గురించి డాక్టర్లు చక్కగా చెప్పారు. నేను డాక్టరును కాను. ముప్ఫై ఏళ్లుగా వోచర్లు, లెడ్జర్లు తప్ప ఇంకోటి ఎరగనివాణ్ణి. అయినా మైకు నా చేతికిచ్చారంటే, రెండేళ్లు నన్ను తిప్పలుపెట్టిన ఒక జబ్బు, దాన్ని పట్టించిన ఒక చిన్న రక్తపరీక్ష, ఆ రెండే కారణం. ఆ పరీక్ష పేరు అప్పటిదాకా నేను వినలేదు. మీలో కూడా చాలామంది విని ఉండరు. శిలీంధ్రానికి, అంటే బూజుకు, మన ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యాయా లేదా అని చూసే పరీక్ష.

ముందు నా సంగతి కాస్త చెప్పాలి. అది చెప్పకపోతే పరీక్ష ఎందుకో అర్థం కాదు.

2007లో నేను వరంగల్లులో పనిచేస్తున్నప్పుడు నాకు టీబీ వచ్చింది. ఆరు నెలలు ఒక్క రోజు మానకుండా మందులు మింగాను, తగ్గిపోయింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ మిగిలిందన్నారు. మచ్చే కదా అనుకుని ఆ ఎక్సరేలన్నీ కవర్లో పెట్టి బీరువా మీద పడేశాను. మా ఆవిడ వాటిని పాత సామాన్లవాడికి వెయ్యకుండా దాచిపెట్టడం నా అదృష్టం.

తర్వాత పదిహేనేళ్లు దగ్గు మాటే లేదు. 2022 వానాకాలంలో, గోదావరి జిల్లాలో బ్రాంచి మేనేజరుగా ఉండగా, మళ్లీ మొదలైంది. సాయంత్రానికి నీరసం. మెట్లెక్కితే ఆయాసం. బెల్టుకు కొత్త చిల్లు పొడిపించుకున్నాను, నెల తిరక్కుండా ఇంకోటి. అక్కడ ఒక డాక్టరు గారు ఎక్సరే చూసి, పాత మచ్చ చూసి, "తిరగబెట్టిందండీ" అన్నారు. కళ్లె రెండుసార్లు పరీక్షించారు, టీబీ క్రిమి కనబడలేదు. సీబీనాట్ చేశారు, అందులోనూ లేదు. అయినా టీబీ మందులు మొదలుపెట్టారు. ఆయన్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మన దేశంలో పాత టీబీ మనిషి దగ్గుతూ వస్తే ఎవరికైనా ముందు తట్టేది అదే. కానీ ఒకరి ఖాతాలో వెయ్యాల్సింది ఇంకొకరి ఖాతాలో వేస్తే ఎన్నాళ్లు చూసినా లెక్క తేలదు గదా. నాలుగు నెలలు అలాగే అయింది.

ఆ నాలుగు నెలల్లో ఒంటి బాధ కంటే ఇంకో బాధ ఎక్కువ. నా టీ గ్లాసు వేరే పెట్టడం మొదలైంది. ఎవరూ పెట్టమనలేదు, ఎవరూ తియ్యమనలేదు. బంగారం తాకట్టుకు వచ్చిన ఒక పెద్దావిడ నేను దగ్గితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "బాబూ, ఆ చిన్నబ్బాయి చేత రాయించండి" అంది. ఇంట్లో మనవరాలిని నేనే దగ్గరికి రానివ్వలేదు.

ఒకరోజు పొద్దున్నే స్ట్రాంగ్ రూము తెరుస్తున్నాం. నా చేతిలో తాళం, పక్కన క్యాష్ ఆఫీసరు చేతిలో తాళం. దగ్గు తెర వచ్చింది. చేతిరుమాలు తీసి చూస్తే అంతా ఎరుపు. మా క్యాష్ ఆఫీసరు వయసులో నా కొడుకంతవాడు. కంగారు పడకుండా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాళం వేరే ఆఫీసరుకు అప్పగించినట్టు రిజిస్టర్లో రాసి, నా చేత సంతకం పెట్టించి, అప్పుడు కారు పిలిచాడు. ఆ వేళ కూడా సంతకం మరిచిపోలేదు! నిజమైన బ్యాంకు మనిషి.

అలా హైదరాబాదులో ఒక ఊపిరితిత్తుల వైద్యుడి దగ్గరికి చేరాను. ఆయన మొట్టమొదట అడిగింది "పాత ఎక్సరేలు ఉన్నాయా?" అని. 2007 నాటివి, కొత్తవి పక్కపక్కన వెలుతురుకు పెట్టి చూశారు. సీటీ తీయించారు. అప్పుడు చెప్పారు. టీబీ మానినచోట మిగిలింది ఉత్త మచ్చ కాదు, గుల్ల. ఖాళీ ఇంట్లో బూజు పట్టినట్టు, ఆ గుల్లలో బూజు చేరి ఉండవచ్చు. మన భాషలో సాలెగూటి దుమ్మునూ బూజే అంటాం, రొట్టె మీద పట్టేదాన్నీ బూజే అంటాం. ఆయన చెప్పింది రెండో రకం. దాని పేరు ఆస్పర్జిల్లస్. 1729లో మికేలీ అనే ఇటలీ మతగురువు దీన్ని సూక్ష్మదర్శినిలో చూసి, చర్చిలో పవిత్ర జలం చల్లే పరికరంలా ఉందని ఆ పేరు పెట్టారట. ఇది గాలిలో అంతటా ఉంటుంది. తడిసిన గడ్డి, కుళ్లిన ఆకులు, చెమ్మపట్టిన గోడలు, మన పాత రికార్డు రూములు, అన్నీ దానికి ఇళ్లే. రోజూ మనందరం పీలుస్తూనే ఉంటాం. మంచి ఊపిరితిత్తి ఉన్నవాడికి ఏమీ కాదు. గుల్ల ఉన్నవాడికి, ఉబ్బసం ఉన్నవాడికి, రోగనిరోధక శక్తి తగ్గినవాడికే తంటా.

ఇది అరుదేమీ కాదు. 1968లో బ్రిటన్‌లో టీబీ తగ్గి గుల్లలు మిగిలిన 544 మందిని పరీక్షిస్తే, వాళ్లలో 25 శాతం మంది రక్తంలో ఈ బూజుకు యాంటీబాడీలు కనబడ్డాయి. కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూస్తే అది 34 శాతానికి పెరిగింది. టీబీ మన దగ్గర ఎంత ఉందో మీకు తెలుసు. ఇక ఆలోచించుకోండి.

ఇప్పుడు పరీక్ష దగ్గరికి వస్తాను. చీటీ మీద ఆయన రాసింది "ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ ఐజీజీ". మా ఆవిడ చీటీ చూసి ఇది క్యాన్సరు పరీక్షేమో అని రాత్రంతా నిద్రపోలేదు. నేనూ పోలేదు కానీ బయటికి చెప్పలేదు. మర్నాడు పరగడుపునే వెళ్లాం, కాఫీ కూడా తాగకుండా. ల్యాబులో రక్తం తీసే అమ్మాయి నవ్వి "దీనికి పస్తుండక్కర్లేదు అంకుల్, టిఫిన్ చేసే రావచ్చు" అంది. కాబట్టి మొదటి మాట ఇదే: ఈ ఒక్క పరీక్షకే వెళ్తుంటే తినే వెళ్లండి, నీళ్లు బాగా తాగి వెళ్లండి, నరం సులువుగా దొరుకుతుంది. దాంతోపాటు షుగరుకో కొవ్వుకో కూడా రాసి ఉంటే మటుకు, వాటికి పరగడుపు కావాలేమో ముందే అడగండి.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, సూది చూస్తే కళ్లు తిరిగేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. సిగ్గుపడక్కర్లేదు, పడుకోబెట్టి తీస్తారు. స్టెరాయిడ్లు వాడుతుంటే అది డాక్టరుకు తెలియాలి. ముఖ్యంగా ఉబ్బసం వాళ్లకు చేసే ఐజీఈ పరీక్షలో అంకె వాటివల్ల తగ్గి కనబడుతుంది. అలర్జీ మాత్రలు మాత్రం రక్తపరీక్షను చెడగొట్టవు. చర్మం మీద గుచ్చి చేసే పరీక్షకైతే వాటిని ముందు ఆపాల్సి ఉంటుంది. ఈ రెంటినీ కలిపేసి ఊరికే మాత్రలు మానేసి ఆయాసం తెచ్చుకున్నవాళ్లున్నారు.

తీయడం అంటారా, మామూలే. మోచేతికి పైన రబ్బరు పట్టీ కడతారు, పిడికిలి బిగించమంటారు, స్పిరిటు దూది రాస్తారు, ఒక్క చురుకు. మూడు నుంచి ఐదు మిల్లీలీటర్లు, ఒక చెంచాడు. ఎర్రమూత గొట్టంలోనో పసుపుమూత గొట్టంలోనో పడతారు. దూది అయిదు నిమిషాలు గట్టిగా నొక్కిపట్టండి, చెయ్యి మడిచి ఊరుకోవద్దు. నేను మడిచి, మాటల్లో పడి, నీలం మచ్చ వారం రోజులు మోశాను.

తర్వాత ఏం జరుగుతుందో ఆ అమ్మాయిని అడిగాను. బ్యాంకువాడి బుద్ధి, చెక్కు క్లియరింగుకు వెళ్తే ఎక్కడుందో తెలియాలి. రక్తాన్ని అరగంటపాటు గడ్డకట్టనిస్తారు. యంత్రంలో గిర్రున తిప్పితే పైన గడ్డినీళ్ల రంగులో సీరం తేలుతుంది. యాంటీబాడీలు ఉండేది అందులోనే. ఆ సీరాన్ని చల్లగా పెట్టి పెద్ద ల్యాబుకు పంపుతారు. అక్కడ ఆ బూజులోని ప్రోటీన్లు అంటించిన చిన్న గుంటల్లో దీన్ని పోస్తారు. మన యాంటీబాడీలుంటే వాటికి అతుక్కుంటాయి. ఎంత అతుక్కుందో రంగును బట్టో వెలుగును బట్టో యంత్రం లెక్కకడుతుంది. పూర్వం జెల్లులో ఎదురెదురుగా పోసి, మధ్యలో తెల్లగీత పడుతుందా అని రోజుల తరబడి చూసేవారట. ఇప్పుడూ రిపోర్టు ఆ సాయంత్రమే రాదు. అన్ని ఊళ్లలో చెయ్యరు కాబట్టి కొన్ని రోజులు పడుతుంది. నాకు ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజుల్లో నా ఫోను మెసేజి వచ్చినట్టు మోగితే చాలు గుండె జారేది. ఎక్కువసార్లు అది మన హెడ్డాఫీసు సర్క్యులరే.

యాంటీబాడీ అంటే ఏమిటో డాక్టరు గారు చెప్పింది నాకు బ్యాంకు భాషలోనే అర్థమైంది. అలాగే చెబుతాను. క్రిమిని నేరుగా పట్టుకోవడమంటే పెట్టెలో నగదు లెక్కపెట్టడం. యాంటీబాడీ చూడడమంటే పుస్తకంలో ఎంట్రీ చూడడం. ఎంట్రీ ఉంది కాబట్టి ఎప్పుడో లావాదేవీ జరిగిందని తెలుస్తుంది. ఇప్పుడు పెట్టెలో నగదు ఉందో లేదో పుస్తకం ఒక్కటే చెప్పలేదు. ఐజీఎం అనేది డే బుక్కు లాంటిది, కొత్తగా సోకినప్పుడు ముందు రాసేది. ఐజీజీ లెడ్జరు. ఆలస్యంగా మొదలై ఎక్కువ కాలం నిలుస్తుంది, దీర్ఘకాలం ఉన్న జబ్బులో పెరుగుతుంది. ఐజీఈ అలర్జీ ఖాతా. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఈ బూజుతో వచ్చే ఏబీపీఏ అనే జబ్బులో ముందు చూసేది దాన్నే.

అందుకే రిపోర్టులో "పాజిటివ్" అని ఉన్నంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. రైతులు, గడ్డివాముల మధ్య తిరిగేవాళ్లు, పావురాలు పెంచేవాళ్లు, వీళ్లకు ఏదో ఒక శిలీంధ్రానికి యాంటీబాడీలు కొద్దోగొప్పో కనబడవచ్చు. "నెగటివ్" అని ఉంటే లేనట్టూ కాదు. కీమోథెరపీ తీసుకునేవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, వాళ్ల ఒంట్లో యాంటీబాడీలు తయారుచేసే గుమాస్తాలే సెలవులో ఉంటారు. జబ్బు ముదిరినా ఎంట్రీ పడదు. అలాంటివాళ్లకు గెలాక్టోమానన్ అని వేరే పరీక్ష చేస్తారు. అది బూజు ఒంటి నుంచి రాలే పదార్థాన్నే పట్టుకుంటుంది. అంటే నగదు లెక్క.

కోవిడ్ రెండో వేవ్‌లో, 2021లో, బ్లాక్ ఫంగస్ భయంతో "యాంటీబాడీ పరీక్ష చేయించుకోమంటారా" అని నన్ను ఇద్దరు అడిగారు. అప్పుడు నాకు తెలియక ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను. దానికి ఇది పనికిరాదు. అది గంటల్లో రోజుల్లో ముదిరే జబ్బు, లెడ్జరు రాసేదాకా ఆగదు. ముక్కులోంచో సైనస్‌లోంచో ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అరిజోనా, కాలిఫోర్నియా లోయల్లో వ్యాలీ ఫీవర్ అని మట్టిలోని ఇంకో శిలీంధ్రంతో వచ్చేది ఉంది. ఫీనిక్సులో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. దానికి మాత్రం యాంటీబాడీ పరీక్షే ప్రధానం. మొదటి వారంలో చేస్తే ఏమీ కనబడకపోవచ్చు, జ్వరం, దగ్గు తగ్గకపోతే కొన్ని వారాలాగి మళ్లీ చెయ్యాలి. అక్కడికి వెళ్లివచ్చి ఇక్కడ దగ్గుతున్నవాళ్లు, ఎక్కడెక్కడ తిరిగారో డాక్టరుకు చెప్పాలి. చెప్పకపోతే మన ఊళ్లో ఎవరికీ ఆ జబ్బు తట్టదు.

సరే, నా రిపోర్టు. 112 అని ఉంది. పక్కన ఉండాల్సిన హద్దు చూసి మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంటర్నెట్టు చూసి మేమిద్దరం ఒక తీర్పు కూడా ఇచ్చేసుకున్నాం. డాక్టరు గారు మాత్రం ఆ అంకెను ఓ నిమిషం చూసి పక్కన పెట్టారు. మూడు నెలలకు మించిన లక్షణాలు, సీటీలో కనబడే మార్పు, ఈ యాంటీబాడీ, మూడూ కలిస్తేనే నిర్ధారణ అన్నారు. కళ్లెను టీబీకీ బూజుకీ రెంటికీ కల్చరుకు పంపారు. టీబీ కల్చరు ఆరు వారాలు చూస్తేగాని లేదని చెప్పలేరు. హద్దు గురించి కూడా ఒక మాట చెప్పారు. ఒకే రకం యంత్రం మీద ఇంగ్లండులో 40ని గీతగా వాడితే, చండీగఢ్ పీజీఐ వైద్యులు మన రోగులను చూసి 27 దగ్గర గీత గీశారట. వేరే కంపెనీ కిట్టయితే యూనిట్లే వేరు. కాబట్టి ఒక ల్యాబు అంకెను ఇంకో ల్యాబు అంకెతో పోల్చి కంగారు పడకండి. మళ్లీ చేయించినప్పుడు అదే ల్యాబులో, అదే పద్ధతిలో చేయించండి.

జబ్బుకు పేరు దొరికింది. క్రానిక్ పల్మనరీ ఆస్పర్జిల్లోసిస్. పలకడానికి నాకు రెండు రోజులు పట్టింది. పేరు దొరికాక డాక్టరు గారు చెప్పిన మొదటి ముక్క: "ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదండీ." నేను ఆయన్ని రెండోసారి చెప్పమని అడిగాను. ఆ సాయంత్రం ఇంటికెళ్లి మనవరాలిని ఎత్తుకున్నాను.

మందు ఇట్రాకొనజోల్. ఇక్కడ ఒక చిక్కుంది, జాగ్రత్తగా వినండి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్, ఈ మందును ఒంట్లో నిలవనివ్వదు. రెండూ కలిపి వాడితే రెండోది మింగినా మింగనట్టే. అందుకని టీబీ మందులు ఆపాక దాదాపు రెండు వారాలు ఆగి మొదలుపెట్టారు. మీరెవరూ సొంతంగా టీబీ మందులు ఆపకండి. ఆ నిర్ణయం కల్చరు చూసి డాక్టరు చెయ్యాలి.

తర్వాత నేను చేసిన తప్పు ఒకటుంది. గోళీలు కడుపులో మంట పెడుతున్నాయని, ఎవరినీ అడక్కుండా, పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకునేవాణ్ణి. ఇట్రాకొనజోల్ గోళీ ఒంటికి పట్టాలంటే కడుపులో పులుపు ఉండాలి, అన్నంతోపాటు వేసుకోవాలి. గ్యాస్ మాత్రతో ఆ పులుపును నేనే చంపాను. రెండు నెలల తర్వాత రక్తంలో మందు మోతాదు చూస్తే ఉండాల్సినంత లేదు. డాక్టరు గారు అరవలేదు, నా మందుల సంచీ మొత్తం బల్ల మీద బోర్లించమన్నారు. అందులో దొరికింది. కొలెస్టరాల్‌కు వాడే కొన్ని మాత్రలతో కూడా దీనికి పడదు. కాళ్లవాపు వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే చెప్పాలి. లివరు పరీక్ష మధ్యమధ్య తప్పదు.

ఆరు నెలలయ్యేసరికి దగ్గు చాలా తగ్గింది, బరువు పెరిగింది. ఇక ఆపేద్దామా అన్నాను. ఆపనివ్వలేదు. పీజీఐ వాళ్లు 2022లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు నెలలు వాడి ఆపినవాళ్లలో 38 శాతానికి తిరగబెడితే, ఏడాది వాడినవాళ్లలో 10 శాతానికే తిరగబెట్టింది. ఇక మారు మాట్లాడలేదు. అంకెలు చూపిస్తే మనం ఒప్పుకుంటాం గదా.

యాంటీబాడీ మాత్రం దగ్గు తగ్గినంత త్వరగా తగ్గదు. జబ్బు తగ్గుతున్నా లెడ్జరు బాకీ చాలాకాలం కనబడుతూనే ఉంటుంది. నాకు ఆరు నెలలకు 112 కాస్తా 90 అయింది. నేను నీరుగారిపోయాను. డాక్టరు గారు "మీరెన్ని మెట్లెక్కుతున్నారు?" అని అడిగారు. మూడంతస్తులు అన్నాను. "అది రాసుకోండి ముందు" అన్నారు. ఏడాదికి 61. మందు ఆపి ఇప్పటికి ఎనిమిది నెలలు. అప్పుడప్పుడు చూస్తూ ఉండాలి, మళ్లీ పెరుగుతోందంటే తిరగబెడుతోందేమో అని సీటీ తీస్తారు.

ఈ పరీక్ష మామూలు రక్తపరీక్ష కంటే ఖరీదు. చీటీ, బిల్లు, రిపోర్టు మూడూ దాచుకోండి. క్లెయిము పెట్టేటప్పుడు చీటీ లేని బిల్లు మన టేబుల్ మీదే ఎన్నిసార్లు వెనక్కి పంపామో నాకు గుర్తుంది. పాత టీబీ ఎక్సరేలు ఇంట్లో ఉంటే ఈ ఆదివారం ఎక్కడున్నాయో చూసిపెట్టండి. రికార్డు రూములో దుమ్ము దులిపే పని పడితే మాస్కు పెట్టుకోండి, ముఖ్యంగా ఒకప్పుడు టీబీ వచ్చినవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు. వీలైతే ఆ పని వేరేవాళ్లకు ఇవ్వమని మేనేజరును అడగండి. మేనేజర్లకు నా మనవి, అడిగితే ఎందుకని ఆరా తియ్యకండి.

నేను ఎక్కువసేపు తీసుకున్నట్టున్నాను, ప్రాంతీయ మేనేజరు గారు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి. రేపు నన్ను ఆఫీసులో వెతక్కండి, పొద్దున్నే ల్యాబుకు వెళ్లాలి. టిఫిన్ చేసే వెళ్తాను.